ముక్కు పెంకు మీద ముగ్గు

సోమవారం

ఈ చిట్టాలో చూసినది రాస్తాను, కొలిచినది రాస్తాను. అనుకున్నది రాయవలసి వస్తే "అనుకున్నాను" అనే రాస్తాను. పెంకుల పరీక్షశాలలో ముప్పై ఏళ్ళు ఇదే పద్ధతి. ఉద్యోగం మానేశాక ఇంటి గోడకు కూడా ఇదే పద్ధతి.

మొదటి గంట కొట్టాక ఎండగోడ దగ్గరికి వెళ్ళాను. నీడపాలెంలో ప్రతి ఇంటికీ వెలుగు వైపున ఒక ఎండగోడ ఉంటుంది. ఆకాశంలో ఒకేచోట నిలిచి ఉండే సూర్యుడి నుంచి కొండ మమ్మల్ని కాస్తుంది. కానీ కొండ పక్కనుంచి వంగి వచ్చే గాలిని ఆపేది ఈ గోడకు తాపిన పింగాణీ పెంకులే. గాలి ఎక్కువైనప్పుడు పెనంలా ఎర్రబడతాయి. మా గోడకు రెండు వందల పన్నెండు పెంకులు. ఇత్తడి గరిటె కాడతో ఒక్కొక్కదాన్నీ కొట్టి వింటాను, కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు. మంచి పెంకు ఖంగుమంటుంది.

తలుపు పక్క పెంకు ఖంగుమనలేదు. చచ్చు చప్పుడు చేసింది.

అది మృణాళిని కోసం ముగ్గు వేసిన పెంకు. మా ఊళ్ళో ఎవరైనా కొండ నీడ దాటి వెలుగులోకి వెళ్తుంటే, ఆ ఇంటి పెద్దావిడ తమ ఇంటి ముగ్గును బండి ముందువైపు వేడిని కాసే ముక్కు పెంకు మీద వేస్తుంది. అదే ముగ్గును తమ ఎండగోడ మీద కూడా వేస్తుంది. గోడ మీది ముగ్గు ఉన్నంతకాలం వెళ్ళినవాళ్ళు క్షేమమని నమ్మకం. నేను నమ్మను. అయినా రెండు చోట్లా వేశాను. మాది ఎనిమిది రేకుల తామర. తామర పువ్వును నేను చూడలేదు, మా అమ్మ కూడా చూడలేదు.

మృణాళిని నా కూతురు. కొలిమిగట్టు దగ్గర అద్దాల బాయిలరు బాగుచేయడానికి ఇద్దరితో కలిసి వెళ్ళి రెండు నెలలు దాటింది. ఆ బాయిలరు నడవకపోతే మా వరిగదుల్లో దీపాలు ఆరిపోతాయి.

విరజ నా వెనకే నిలబడి విన్నది. మృణాళిని కూతురు, ఇరవై ఏళ్ళది. కొండ మీద అద్దం పని చేస్తుంది. దూరాన ఉన్నవాళ్ళకు మెరుపులతో మాటలు పంపుతుంది.

"అమ్మమ్మా, ఆ చప్పుడేంటి? మళ్ళీ కొట్టు."

"ఒకసారి చాలు."

"అమ్మ ముగ్గే కదా అది?"

"పెంకు అది. పగులుంది, మారుస్తాం. వెళ్ళి పప్పు కడుగు."

పప్పు కడిగింది గానీ మూడుసార్లు బయటికి వచ్చి గోడ వైపు చూసింది. నేను రెండుసార్లు చూశాను. సున్నపు గీతల అంచుల్లో జిగురు పూసినట్టు మెరుపు ఉంది. మిగతా పెంకు మీద లేదు.

మంగళవారం

పెంకు ఊడదీసి సింహాద్రి ఆవానికి తీసుకువెళ్ళాను. ఊరికంతటికీ పెంకులు కాల్చేది అతనే. పోయిన ఏడు ఒక బండి వెలుగులోంచి తిరిగి వస్తూ, సరిగ్గా నీడలో అడుగుపెట్టే చోట ముక్కు పెంకు ఊడి లోపల నిప్పంటుకుంది. ఇద్దరు పోయారు. పెంకులు సరిగా కాలలేదని పంచాయతీ తేల్చింది. అప్పటినుంచి సింహాద్రి దగ్గర నీళ్ళకుండ కూడా కొనేవాళ్ళు లేరు.

"రండమ్మగారూ," అన్నాడు. "మీరు కూడా తిట్టడానికే ఒచ్చారేటి? అలాగైతే కూకొని తిట్టండి, పీటేస్తాను."

"తిట్టడానికి కాదు. ఇది పగలగొట్టు, లోపల చూడాలి."

సుత్తితో కొట్టాడు. సరిగ్గా ముగ్గు గీత వెంబడే చీలింది. చీలిన చోట వేలెడు లోతు వరకూ నల్లగా, గాజులా ఉంది. గీతకు దూరంగా ఉన్నచోట తెల్లగా, సన్నసన్న రంధ్రాలతో ఎలా కాల్చాడో అలాగే ఉంది.

సింహాద్రి ఆ నల్లటి అంచును వేలితో రుద్ది చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి గోనెగుడ్డలో చుట్టిన ముక్కలు తెచ్చాడు. పోయిన ఏటి బండి ముక్కు పెంకు. పంచాయతీ పారేస్తే ఏరి దాచుకున్నాడట.

"ఏడాది నుంచి సూస్తన్నానమ్మా దీన్ని. మట్టిలో తప్పేటో, మంటలో తప్పేటో అని. ఈ సున్నం గీతలు నా కంటికి కనబడనే లేదు. ముగ్గు కదా. ముగ్గుని ఎవులు అనుమానిస్తారు?"

ఆ ముక్కలు కూడా గీతల వెంబడే పొరలుగా ఊడి ఉన్నాయి. అది సూరాంబ ఇంటి ముగ్గు. నాగుపాము మెలిక. ఆ బండిలో పోయినవాళ్ళలో ఒకడు ఆమె కొడుకు.

మా అమ్మల కాలంలో ముగ్గు బియ్యప్పిండితో వేసేవారు. వెలుగులోకి వెళ్ళిన గడియలోనే కాలిపోయేది. తర్వాత వరిగదుల్లో పంట తగ్గి పిండిని తినడానికే ఉంచమన్నారు. అదే రోజుల్లో కొండ వెనక సున్నపురాయి దొరికింది. సున్నం కాలిపోదు. వెళ్ళినది వెళ్ళినట్టే తెల్లగా తిరిగి వస్తుంది. అందరికీ నచ్చింది అదే. నాకు కూడా.

గురువారం

నిన్నా ఇవాళా ఆవం దగ్గరే ఉన్నాను. ఒకే ఆవంలో కాలిన పెంకులు నాలుగు తీసుకున్నాం. అన్నిటి మీదా గాలి తెచ్చే దుమ్ము చల్లాం. మూడింటి మీద సున్నంతో గీతలు గీశాను. అన్నిటినీ ముక్కు పెంకు ఎంత ఎర్రబడుతుందో అంత ఎర్రబడనిచ్చాం.

ముగ్గు లేని పెంకును ఒక్కసారిగా బయటికి లాగాం. ఏమీ కాలేదు. ఖంగుమంది.

ముగ్గు ఉన్న మొదటిదాన్ని అలాగే లాగాం. పటపటమని అప్పడంలా లేచి పొరలుగా ఊడింది. రెండోదీ అంతే.

మూడోదాన్ని ఆవం మూతి దగ్గర ఉంచి, కొంచెం కొంచెంగా వెనక్కి జరుపుతూ ఒక రోజంతా చల్లార్చాం. ఊడలేదు. చచ్చు చప్పుడు చేసింది గానీ నిలబడింది. పూర్తిగా చల్లారాక కాడతో గట్టిగా కొడితే అప్పుడు ఊడింది.

విరజ అన్నం తెచ్చినప్పుడు అడిగింది, ఎందుకిలా అని. మరమరాల ఉండ గుర్తుచేశాను. మరమరాలు ఊరికే ఉంటే గుప్పిట్లో నొక్కినా సర్దుకుంటాయి. పాకం పోస్తే లోపలికంటా పీల్చుకుని బిగుసుకుంటాయి. పెంకులోని సన్న రంధ్రాలే దానికి సర్దుబాటు. సున్నమూ దుమ్మూ కలిస్తే ఆ వేడికి పాకమవుతాయి. పెంకు పీల్చుకుంటుంది. వేడిగా ఉన్నంతసేపూ ఫరవాలేదు. చల్లారేటప్పుడు లోపలి పెంకు ఒకలా ముడుచుకుంటుంది, పాకం పట్టిన పైపొర ముడుచుకోదు. త్వరగా చల్లారితే విడిపోతుంది.

"అంటే దార్లో ఏమీ కాదన్నమాట," అంది విరజ. "ఇంటికొచ్చాకే."

"అవును."

"ఇల్లు కనబడగానే బండి పరుగెత్తిస్తారు కదా అమ్మమ్మా, అందరూ."

పళ్ళెం కడగమని పంపించాను.

శుక్రవారం

కొలిమిగట్టుకు కబురు పంపాలంటే గాలిదుమ్ము తగ్గాలి. మూడు రోజులుగా కొండ మీదనుంచి ఏమీ కనబడటం లేదు. అనుకున్న ప్రకారమైతే బండి బుధవారమే బయలుదేరి ఉంటుంది.

పంచాయతీలో చెప్పాను. ముక్కలు బల్ల మీద పెట్టి, చూసినది చూసినట్టు చెప్పాను. బండ్ల పెద్ద గవరయ్య నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు. ఆడవాళ్ళ వైపునుంచి గోల మొదలైంది.

"ముగ్గు చెడు చేస్తుందా? ఎక్కడైనా విన్నామా?"

"ఈవిడ చదువు ఈవిడకే అర్థం కావాలి!"

సూరాంబ లేచి నిలబడింది. గోల ఆగింది.

"అంటే అక్కా, నా చేత్తో నేనే..."

ఆమె కోసం ఏ మాటా సిద్ధం చేసుకుని రాలేదు. ఉన్నదే చెప్పాను. "సున్నం చేసింది. చెయ్యి కాదు. ఇప్పుడు ఆ బండి మీద ఉన్నది నా ముగ్గు, సూరాంబా."

ఆమె కూర్చుంది. గవరయ్య గొంతు సవరించుకున్నాడు.

"అది సరేనండీ భ్రమరాంబ గారూ. మెల్లగా రమ్మంటే వాళ్ళు ఎలా వస్తారండీ? బండి చల్లదనానికి నీళ్ళు ఆవిరవుతూ ఉండాలి. అక్కణ్ణించి ఇక్కడికి పరుగుకి సరిపడా నీళ్ళే ఉంటాయి. నీడ అంచున రోజంతా కూర్చుంటే పెంకు నిలుస్తుంది, మనుషులు ఉడికిపోతారు."

"పరుగెత్తితే పెంకు ఊడుతుంది."

"మరి ఏం చెయ్యమంటారండీ?"

తెలియదని చెప్పాను. ఆ మాట పంచాయతీలో నేను అనడం ఇదే మొదటిసారి అని గవరయ్య తర్వాత ఎవరితోనో అన్నాడట.

శనివారం

విరజ కొత్త మట్టిచట్టిలో పులుసు కాచి, సెగ మీదనుంచి తీసి తడి గచ్చు మీద పెట్టబోయింది. కేకేశాను.

"పగులుతుంది! ఎన్నిసార్లు చెప్పాను? పొయ్యి గట్టు మీదకి జరుపు. ఒక పక్క నిప్పుకి ఉండనీ, రెండో పక్క చల్లారనీ."

చట్టిని జరిపి, మూతి బిగించుకుని నిలబడింది. నేను చట్టినే చూస్తూ ఉండిపోయాను.

"ఇప్పుడేం తప్పు చేశాను?" అంది.

"ఏమీ లేదు. గవరయ్యని పిలుచుకురా. కాదు, నేనే వెళ్తాను."

బండి వెనక్కి తిరిగి రావాలి. ముక్కును సూర్యుడి వైపే ఉంచి, వెనక చక్రాలతో నీడలోకి దిగాలి. మా సూర్యుడు ఆకాశంలో కొండంత ఉంటాడు కాబట్టి నీడ అంచు గీతలా ఉండదు. అరనీడ పట్టీ చాలా వెడల్పు. బండి వెనక భాగం నీడలో చల్లగా ఉంటుంది. నీళ్ళు పోసే మూతి వెనకే ఉంది, మేము ఇక్కడినుంచి గొట్టంతో పోయవచ్చు. ముక్కు మాత్రం ఎండలో ఉండి, రెండు రోజుల మీద కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతుంది. తలుపు ముక్కు పక్కనే ఉంది కాబట్టి అంతవరకూ వాళ్ళు బయటికి రాలేరు. అది ఓర్చుకోవాలి.

గవరయ్య అంతా విన్నాడు.

"లెక్క బాగుందండీ. కానీ వెనక్కి వచ్చే బండి ఏదో మీకు తెలీదా?"

తెలుసు. వెలుగులో పోయినవాళ్ళ బండిని ఇంకో బండికి కట్టి వెనకనుంచి లాక్కొస్తారు, వాళ్ళ ముఖం వెలుగు వైపే ఉండాలని. పోయిన ఏడు సూరాంబ కొడుకు అలాగే వచ్చాడు. బతికున్నవాళ్ళు ఇంటికి వీపు పెట్టి రావడం నీడపాలెం పుట్టాక లేదు.

"ఆ డ్రైవరు పైడిరాజు ఒప్పుకోడండీ. చచ్చినా ఒప్పుకోడు."

"అతన్ని అడగను."

ఆదివారం

దుమ్ము తగ్గింది. మూడో గంటకు విరజ కొండ మీదనుంచి మనిషిని పంపింది. ఈ మోకాళ్ళతో ఎక్కడానికి అరగంట పట్టింది.

దూరాన, ఎర్రటి నేల మీద, ఒక గింజంత మెరుపు. నేను గుర్తుపట్టలేదు. విరజ గుర్తుపట్టింది.

"అమ్మ బండే. ఊగుతూ వస్తోంది చూడు, ఎడమ చక్రం ఇంకా అలాగే ఉంది."

అద్దం మాటలకు మా ఊళ్ళో కట్టుబాటు ఉంది. ఇంటికి ఏడు మాటలు, ఆ తర్వాత అద్దం ఇంకొకరిది. ఇన్నేళ్ళలో నేను ఏడూ వాడిన సందర్భం లేదు. మిగిలినవి ఊరికి వదిలేసేదాన్ని. పోయిన నెల మృణాళిని "ఒంట్లో ఎలా ఉందమ్మా, మోకాళ్ళు తగ్గాయా?" అని ఐదు మాటలు ఖర్చుపెడితే, "బాగానే ఉన్నాను, పని చూసుకో" అని నాలుగింటితో ముగించాను.

ఈసారి మాటలు ముందే కాగితం మీద రాసుకుని వెళ్ళాను. ముక్కు ఎండకే ఉంచు. వెనక్కి రా. మెల్లగా.

విరజ చదివింది. "ఆరే ఉన్నాయి. ఎందుకో చెప్పాలి కదా అమ్మమ్మా? ఊరికే వెనక్కి రమ్మంటే వాళ్ళేమనుకుంటారు?"

"ఒక్క మాటలో ఎందుకో చెప్పలేం."

"మరి ఏడోది వదిలేస్తావా?"

కాగితం ఇంకోసారి చదివాను. చివర "అమ్మ" అని పెట్టమన్నాను.

విరజ అద్దం తిప్పింది. పంపడం అయింది. గింజంత మెరుపు కదలడం ఆపింది. లోపల తగువు జరుగుతోందని అనుకున్నాను. పైడిరాజు గొంతు పెద్దది. నా కూతురి గొంతు చిన్నది. చిన్నప్పుడు గట్టిగా మాట్లాడితే నేను ఊరుకోలేదు కాబట్టి.

అప్పుడు అటునుంచి మెరుపులు వచ్చాయి. విరజ ఒక్కొక్క మాటే పైకి చదివింది.

"వెనక్కి. శవాలే. వస్తాయి. కదా. అమ్మా. సరే. వస్తున్నాం."

ఏడూ వాడింది.

మంగళవారం

బండి నిన్న రెండో గంటకు అరనీడలోకి వెనక చక్రాలు పెట్టింది. ఊరంతా గేటు దగ్గరే ఉంది. ఎందుకలా వస్తోందో అందరికీ చెప్పాం, అందరూ తలూపారు. అయినా వెనక్కి వస్తున్న బండిని కళ్ళతో చూడగానే ఆడవాళ్ళలో ఎవరో శోకం ఎత్తుకున్నారు. ఇంకొకరు అందుకున్నారు.

"నోర్ముయ్యండి!" అంది సూరాంబ. "బతికున్నోళ్ళకి ఏడుస్తారా? ఆ గొట్టం పట్టుకోండి ముందు."

గొట్టం మొదటి చివర ఆమే పట్టుకుంది. నీళ్ళు ఎక్కాయి.

బండి కిటికీ ముక్కు వైపే ఉంది. రెండు నెలల తర్వాత ఊరి అంచుకు వచ్చి, మృణాళిని చూస్తున్నది మాత్రం ఆ సూర్యుణ్ణే. మాకు కనబడేది బండి వీపు. దుమ్ము కొట్టుకుపోయిన పెంకులు, రెండు చక్రాలు.

గంటకోసారి గవరయ్య జెండా ఊపితే బండి మూరెడు వెనక్కి జరుగుతుంది. మిగతా సమయమంతా చేసే పని లేదు. నేను కాడ తీసుకుని వెనక పెంకులు ఒక్కొక్కటీ మోగించి చూశాను. అన్నీ ఖంగుమన్నాయి. చివరి పెంకు మోగించి చెవి ఆనించాను.

లోపలినుంచి ఎవరో కొట్టారు. రెండు దెబ్బలు.

మళ్ళీ కొట్టాను. మళ్ళీ రెండు.

"పైడిరాజేమో," అంది విరజ, నన్ను ఉడికించడానికి.

"పైడిరాజు అంత మెల్లగా కొట్టడు."

విరజ నా చేతిలోంచి కాడ లాక్కుని ఇష్టం వచ్చినట్టు కొట్టింది. పెంకు పాడవుతుందని నేను అనలేదు. లోపలినుంచి కూడా అలాగే, ఇష్టం వచ్చినట్టు చప్పుడు వచ్చింది. చాలాసేపు.

బుధవారం

నాలుగో గంటకు ముక్కు పూర్తిగా నీడలోకి వచ్చింది. ఎరుపు ఆరి నలుపైంది. దగ్గరికి ఎవరినీ పోనివ్వలేదు. పటపట వినబడితే ఏం చెయ్యాలో గవరయ్య మనుషులకు చెప్పి ఉంచాను. వినబడలేదు. పెంకు చెయ్యి పెట్టగలిగినంత చల్లారాక ఐదో గంటకు తలుపు తీయించాను.

ముందు పైడిరాజు దిగాడు. నన్ను చూసి, "పిన్నిగారూ, బతికున్నాను కదా? ఒకసారి గిల్లండి," అన్నాడు. రెండో కుర్రాణ్ణి ఇద్దరు పట్టుకుని దింపారు. చివర మృణాళిని. చిక్కిపోయింది. చెంపలు కమిలి ఉన్నాయి. విరజ వెళ్ళి మీద పడింది. కూతురి భుజం మీదుగా నన్ను చూస్తూ నిలబడింది నా కూతురు.

"అమ్మా, ఇప్పుడైనా చెప్తావా ఎందుకో?"

చెప్పడానికి ముక్కు దగ్గరికి తీసుకువెళ్ళాను. తామర చెక్కుచెదరకుండా తెల్లగా ఉంది. కాడతో ఒక్కసారి కొట్టాను. చచ్చు చప్పుడు. రెండోసారి కొట్టేలోపే పై పొర మొత్తం, ముగ్గుతో సహా, మా కాళ్ళ దగ్గర పడింది. పడినా రేకులు ఎనిమిదీ అలాగే ఉన్నాయి.

మృణాళిని కిందికి చూసింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది, కాడతో సహా. గంజి తాగుతావా అని అడిగాను. తాగుతానంది.

సోమవారం, మూడు నెలల తర్వాత

బాయిలరు మళ్ళీ ఆగింది. బాగుచేయడం వచ్చినవాళ్ళు ఊళ్ళో ఇద్దరే. ఈసారి వంతు కూడా మృణాళినిదే అయింది.

ముక్కు పెంకు సింహాద్రి కొత్తగా కాల్చినది. అతని ఆవం దగ్గర ఇప్పుడు వరుసలో నిలబడాల్సి వస్తోంది. వరుసను తిట్టడం కూడా నేర్చుకున్నాడు. సున్నం ఎవరూ తేకూడదని పంచాయతీ చెప్పింది, ఎవరూ తేలేదు. కానీ బండి చుట్టూ నిలబడ్డ ఆడవాళ్ళకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. కొందరు కొంగు చివర మెలితిప్పుతున్నారు.

నేను వెళ్ళి కాడతో ముక్కు పెంకును ఒకసారి మోగించాను. అది నా పరీక్ష, ఎలాగూ చేయవలసినదే. ఖంగుమంది. ఆ మోత సన్నబడి ఆగేవరకూ చెవి ఆనించి విన్నాను. వెనక్కి తిరిగేసరికి సూరాంబ చెయ్యి చాపి ఉంది. కాడ ఇచ్చాను. ఆ బండిలో ఆమె వాళ్ళెవరూ లేరు. అయినా కొట్టి, కళ్ళు మూసుకుని విన్నది. తర్వాత పైడిరాజు భార్య. అలా ఒకరి తర్వాత ఒకరు. బండి ఆలస్యమవుతోందని గవరయ్య గొణిగాడు గానీ ఆపలేదు.

"వెళ్ళొస్తానమ్మా," అంది మృణాళిని.

"వెనక్కి రా," అన్నాను.

నవ్వింది. తలుపు వేసుకుంది.

ఇంటికి వచ్చి ఎండగోడ చూశాను. రెండు వందల పన్నెండు పెంకులు, అన్నీ మంచివి. తలుపు పక్కన కొత్త పెంకు ఖాళీగా ఉంది. దాన్ని రెండుసార్లు మోగించాను. పరీక్షకు ఒకసారి చాలు. చేసినది రెండు కాబట్టి రెండని రాస్తున్నాను.